గొంతు దిగని ముద్ద.. గ్యాస్‌ కాకపోవచ్చు!

* అన్నవాహిక లోపొర పటుత్వాన్ని విద్యుత్తుతో కొలుస్తున్న వైద్యశాస్త్రం
* కంటికి బాగానే కనిపించినా ముక్క పరీక్ష తప్పదు

దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్బీనగర్‌: పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు, టిఫిన్‌ సెంటర్లతో కిటకిటలాడే దిల్‌సుఖ్‌నగర్‌, చైతన్యపురి ప్రాంతాల్లో ‘గ్యాస్‌ ట్రబుల్‌’ అన్న మాట వినిపించని రోజుండదు. వేళ తప్పిన భోజనం, రాత్రి చదువులు, నిలబడి మింగే టిఫిన్లు.. కారణం ఏదని చెప్పుకున్నా మందుల దుకాణంలో దొరికే పాంటాప్రజోల్‌ మాత్రతోనే చాలామంది సరిపెట్టుకుంటారు. ఛాతీలో మంటకు, పులితేన్పులకు అది పనిచేసే మాట నిజమే. కానీ మింగిన ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోతున్నదని, నీళ్లు తాగితే గానీ కదలడం లేదని నెలల తరబడి చెబుతున్న మనిషి కూడా పరీక్ష లేకుండా ఆ మాత్రతోనే కాలం గడపడం ప్రమాదకరం. ఆ బాధ వెనుక ‘ఇసినోఫిలిక్‌ ఈసోఫజైటిస్‌’ అనే దీర్ఘకాలిక అలర్జీ వ్యాధి ఉండే అవకాశం ఉంది. అన్నవాహిక లోపలి పొర తన కాపలా గుణాన్ని క్రమంగా కోల్పోవడమే ఈ వ్యాధిలో కీలకం. ఆ పొర ఎంతమేరకు దెబ్బతిన్నదో విద్యుత్తు సాయంతో కొలిచే పద్ధతులు గడచిన పదేళ్ల పైచిలుకు కాలంలో రూపుదిద్దుకున్నాయి.

పొలమారడం వేరు.. ముద్ద ఆగడం వేరు

అన్నం తింటూ పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టడం మన ఇళ్లలో అలవాటు. పొలమారడమంటే మెతుకో నీటిచుక్కో శ్వాసనాళం వైపు దారితప్పడం. దగ్గుతో అది బయటపడుతుంది. ముద్ద ఆగడం అలాంటిది కాదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మాట వస్తూనే ఉంటుంది. ఆహారం మాత్రం రొమ్ము ఎముక వెనుక ఎక్కడో బిగుసుకుపోతుంది. ఈ తేడాను రోగి స్పష్టంగా చెప్పగలిగితే వైద్యుడి పని సగం తేలికవుతుంది.

చిక్కేమిటంటే ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది తమకు ఇబ్బంది ఉందనే చెప్పరు. ఏళ్ల తరబడి బాధకు తగినట్లు అలవాట్లను మార్చుకుని ఉంటారు. ముద్దకో గుక్క నీళ్లు తాగుతారు. మాంసం ముక్కను పక్కకు నెట్టి పులుసుతో కానిచ్చేస్తారు. జొన్నరొట్టె, చపాతీ మానేసి పెరుగన్నంతో సరిపెడతారు. పెద్ద మాత్రలను విరిచి మింగుతారు. పంక్తిలో అందరూ లేచాక కూడా ఇంకా నములుతూ కూర్చుంటారు. పెళ్లి భోజనాలంటే ఏదో సాకు చెప్పి తప్పుకొంటారు. ఇంట్లోవాళ్లు దీన్ని నిదానమనో, కోడికూర మీద ఇష్టం పోయిందనో అనుకుంటారు. అందుకే ‘ముద్ద అడ్డుపడుతోందా?’ అని అడిగితే లేదనే సమాధానం వస్తుంది. ‘భోజనానికి ఎంతసేపు పడుతుంది? ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతావు? దేన్ని తినడం మానేశావు?’ అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

స్త్రీలలో కంటే పురుషుల్లో ఈ వ్యాధి సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఇరవై నుంచి నలభై ఏళ్ల వయసులో ఎక్కువగా గుర్తిస్తున్నారు. శిక్షణ కేంద్రాల చుట్టూ గదులు తీసుకుని ఉండేవారి వయసు అదే కావడం గమనార్హం.

‘ఇస్నోఫీలియా’ అంటే ఆయాసమేనా?

ఈ మాట తెలుగు ఇళ్లకు కొత్త కాదు. తుమ్ములు, దగ్గు, ఆయాసం ఉన్నవారికి రక్తపరీక్ష చేయించి ‘ఇస్నోఫీలియా ఉంది’ అనడం పాత తరానికీ తెలుసు. ఇసినోఫిల్‌ అనేది తెల్లరక్తకణాల్లో ఒక రకం. పురుగుల మీద, అలర్జీ కారకాల మీద పోరాడటం దాని పని. పొట్టలో, పేగుల్లో ఈ కణాలు కొద్దిసంఖ్యలో ఉండటం సహజం. ఆరోగ్యవంతుల అన్నవాహిక పొరలో మాత్రం ఇవి ఉండవు. అక్కడికి అవి గుంపులుగా చేరడమే వ్యాధి. ఆస్తమా, ముక్కు అలర్జీ, చర్మంపై గజ్జి వంటి దద్దుర్లు ఉన్నవారిలో, అలాంటి కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్‌ మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ వ్యాధి లేదని తీర్మానించడానికి వీల్లేదు. కణాలు గూడుకట్టేది అన్నవాహిక గోడలో, నెత్తురులో కాదు.

వైద్యశాస్త్రానికి ఇది కొత్త వ్యాధే. 1978లో ఒక రోగిలో కనిపించిన తీరును వైద్య పత్రికలో వివరించినా, ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది 1993, 1994 సంవత్సరాల్లో స్టీఫెన్‌ అట్‌వుడ్‌, స్విట్జర్లాండ్‌ వైద్యుడు అలెక్స్‌ స్ట్రామన్‌ వేర్వేరుగా ప్రచురించిన పరిశీలనల తరవాతే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో తక్కువే అయినా లేకపోలేదు. ఛాతీమంట, పులితేన్పులతో వచ్చినవారిని దిల్లీ ఎయిమ్స్‌ వైద్యులు పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు మూడు శాతం మందిలో ఈ వ్యాధి బయటపడింది. అంటే గ్యాస్‌ అనుకుని వచ్చినవారిలోనే ఇది దాగి ఉందన్నమాట.

చెమ్మ పట్టిన గోడ.. జివ్వుమనే కరెంటు

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే కండర గొట్టం. దాని లోపొర చర్మం మాదిరిగానే బల్లపరుపు కణాలు వరసలు వరసలుగా పేర్చినట్లు ఉంటుంది. వేడివేడి చారు, కారం, గరుకైన రొట్టెముక్క, కింది నుంచి ఎగదన్నే ఆమ్లం.. అన్నింటినీ కాచుకోవాల్సింది ఈ పొరే. కణానికీ కణానికీ మధ్య ప్రోటీన్లతో అల్లిన బిగింపులు ఉంటాయి. అలర్జీ చెలరేగినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్‌-13 అనే రసాయన సంకేతం ఒకవైపు ఇసినోఫిల్స్‌ను రప్పిస్తుంది, మరోవైపు డెస్మోగ్లీన్‌-1, ఫిలాగ్రిన్‌ వంటి ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది. బిగింపులు సడలి కణాల నడుమ ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీల్లోకి ద్రవం చేరుతుంది. పాలలోనో గోధుమలోనో ఉండే ప్రోటీన్లు అదే దారిన లోపలికి చొచ్చుకుపోయి అలర్జీని మళ్లీ రెచ్చగొడతాయి. గోడ బలహీనపడటం వల్ల అలర్జీ, అలర్జీ వల్ల గోడ మరింత బలహీనం. ఈ వలయం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

మరి గోడ ఎంత బలహీనమైందో తెలిసేదెలా? వానాకాలంలో స్లాబు కారే ఇళ్లలో ఉండేవారికి దీని సూత్రం చెప్పనక్కర్లేదు. చెమ్మ పట్టిన గోడను స్విచ్‌బోర్డు పక్కన తాకితే జివ్వుమంటుంది. పొడిగోడ అదే కరెంటును ఆపేస్తుంది. పైన వేసిన రంగు చెక్కుచెదరకపోయినా లోపల నీరు చేరిన సంగతిని ఆ షాకే పట్టిస్తుంది. అన్నవాహిక పొరకూ ఇదే వర్తిస్తుంది. కణాలు బిగువుగా ఉంటే విద్యుత్‌ ప్రవాహానికి నిరోధం ఎక్కువ. ఖాళీలు ఏర్పడి ద్రవం నిండితే నిరోధం పడిపోతుంది. ఆ నిరోధాన్ని ఓమ్‌లలో కొలిస్తే పొర పటుత్వం అంకెల్లో తేలుతుంది.

మొదట్లో ఈ కొలత ప్రయోగశాలకే పరిమితం. డెన్మార్క్‌ శాస్త్రవేత్త హాన్స్‌ ఉస్సింగ్‌ కప్ప చర్మం గుండా లవణ అయాన్లు దాటే తీరును తెలుసుకోవడానికి 1950 ప్రాంతంలో ఒక పరికరాన్ని రూపొందించారు. రెండు చిన్న గదుల నడుమ తలుపులాగా చర్మపు ముక్కను బిగించి, రెండువైపులా ద్రవం నింపి, విద్యుత్తు ఎంత దాటుతున్నదో చూస్తారు. ఆయన పేరుతోనే పిలిచే ఆ పరికరంలో ఇప్పుడు రోగుల అన్నవాహిక నుంచి తీసిన మిరియపు గింజంత ముక్కలను బిగిస్తున్నారు. ఒకవైపు మెరిసే ఫ్లోరెసీన్‌ రంగు కలిపి, అది రెండోవైపునకు ఎంత జారిందో కూడా లెక్కిస్తున్నారు. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌ వైద్య బృందం 2014లో ఈ తరహా పరీక్షలతోనే ఇసినోఫిలిక్‌ ఈసోఫజైటిస్‌ రోగుల పొరలో నిరోధం తగ్గిందని, రంగు ఎక్కువగా దాటుతోందని నిర్ధారించింది.

ముక్క కోయకుండానే, ఎండోస్కోపీ చేస్తున్నప్పుడే కొలవగలిగితే? అమెరికాలోని వాండర్‌బిల్ట్‌ విశ్వవిద్యాలయ వైద్యుడు మైఖేల్‌ వాయెజీ బృందం దీనికో మార్గం కనిపెట్టింది. ఎండోస్కోపు గొట్టంలోంచి సన్నని తీగ వంటి క్యాథెటర్‌ను పంపుతారు. దాని కొసన ఉండే లోహపు కడియాలు పొరను తాకేలా ఆనించి, రోగికి తెలియనంత స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేస్తారు. క్షణాల్లో అంకె తెరపై కనిపిస్తుంది. దీన్ని ‘మ్యూకోసల్‌ ఇంపిడెన్స్‌’ పరీక్ష అంటారు. మేయో క్లినిక్‌ వైద్యుడు డేవిడ్‌ కాట్జ్‌కా, వాయెజీ తదితరులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాధి చెలరేగి ఉన్నవారిలో ఈ అంకె రెండు వేల ఓమ్‌లకు అటూ ఇటూగా, వ్యాధి అణగినవారిలో నాలుగు వేలకు పైన నమోదైంది. 2300 ఓమ్‌లను గీతగా పెట్టుకుంటే చెలరేగిన వ్యాధిని పదింట తొమ్మిది సందర్భాల్లో సరిగా పట్టుకోగలిగారు.

ఒకచోట కొలిచిన అంకె కంటే కింది నుంచి పైదాకా అంకెలు మారే తీరు ముఖ్యం. మామూలు ఆమ్లం ఎగదన్నే జబ్బులో అన్నవాహిక కిందిభాగం, అంటే ఆమ్లం తగిలే చోటే ఎక్కువగా దెబ్బతింటుంది. పైకి వచ్చేకొద్దీ నిరోధం పెరిగి మామూలు స్థితికి చేరుతుంది. ఇసినోఫిలిక్‌ ఈసోఫజైటిస్‌లో కింద, మధ్య, పైన అంతటా నిరోధం పడిపోయే ఉంటుంది. నీళ్లు పోసిన చోటే తడిసిన గోడకూ, పునాది నుంచి స్లాబు దాకా చెమ్మ లాగిన గోడకూ ఉన్న తేడా అన్నమాట. ‘గ్యాసా, అలర్జీయా?’ అన్న ప్రశ్నకు ఈ తీరే జవాబు ఇస్తోంది.

తీగను ఒక్కో బిందువు దగ్గర ఆనించడంలో ఇబ్బందులున్నాయి. లాలాజలం అడ్డొస్తే, కొస సరిగా ఆనకపోతే అంకె తప్పుతుంది. అందుకే చిన్న బెలూను చుట్టూ కొలత బిందువులు అమర్చి, దాన్ని ఉబ్బించి పది సెంటీమీటర్ల మేర పొరను ఒకేసారి కొలిచే పద్ధతిని వాండర్‌బిల్ట్‌ బృందం 2019లో వెలువరించింది. గోడ నిరోధం రంగుల పటంలా తెరపై పరచుకుంటుంది. గోడ ఎంత సాగుతుందో చూసే ‘ఫ్లిప్‌’ అనే మరో బెలూను పరీక్ష ఉంది గానీ, అది కొలిచేది గొట్టం బిగుసుకుపోవడాన్ని. పొర కారడాన్ని కాదు. రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

కొలత వల్ల రోగికి ఒరిగేదేమిటి?

ఈ వ్యాధిలో రోగికి పెద్ద బెడద పదేపదే ఎండోస్కోపీ. ఒక ఆహారం మానేసి చూడాలన్నా, మళ్లీ మొదలుపెట్టాలన్నా, మందు పనిచేసిందో లేదో తెలియాలన్నా గొట్టం మింగి ముక్క ఇవ్వాల్సిందే. ఫలితానికి రోజులు ఆగాలి. బాధ తగ్గింది కదా అని పరీక్ష మానుకుందామంటే ఈ వ్యాధిలో బాధకూ గోడ స్థితికీ పొంతన ఉండదు. నములుతూ, నీళ్లు తాగుతూ నెట్టుకొచ్చే మనిషికి బాధ తెలియకపోయినా లోపల వాపు సాగుతూనే ఉంటుంది. అక్కడికక్కడే తేలే విద్యుత్‌ కొలత ఈ భారాన్ని కొంత తగ్గిస్తుందని పరిశోధకుల ఆశ. గోడ తిరిగి కోలుకుంటుందని కూడా ఈ కొలతలే రుజువు చేశాయి. ప్రోటీన్లేవీ లేకుండా అమైనో ఆమ్లాలతో తయారుచేసిన ద్రవాహారాన్ని మాత్రమే నాలుగు వారాలు ఇచ్చినప్పుడు రోగుల అన్నవాహిక పొర పటుత్వం తిరిగి పుంజుకున్నదని ఆమ్‌స్టర్‌డామ్‌ బృందం 2017లో ప్రచురించింది.

అయినా విద్యుత్‌ కొలత ఇంకా ప్రధానంగా పెద్ద పరిశోధన కేంద్రాల పనిముట్టే. రోగ నిర్ధారణకు ముక్క పరీక్షే ప్రామాణికం. సూక్ష్మదర్శినిలో అత్యధిక వృద్ధీకరణతో చూసే ఒక వలయంలో 15 లేదా అంతకు మించి ఇసినోఫిల్స్‌ కనిపించాలి, తగిన లక్షణాలు ఉండాలి, ఇతర కారణాలు లేవని తేలాలి. అప్పుడే వ్యాధిని ఖరారు చేస్తారు.

‘బయాప్సీ’ అంటే భయమెందుకు?

ముక్క తీసి పరీక్షకు పంపుతామనగానే బంధువుల ముఖాలు వాడిపోతాయి. మన దగ్గర బయాప్సీ అంటే క్యాన్సరేనన్న భావన అంతగా నాటుకుంది. నిజానికి ఈ వ్యాధి క్యాన్సర్‌ కాదు, దీనివల్ల క్యాన్సర్‌ వస్తుందన్న ఆధారమూ లేదు. ముక్కలు తీసేటప్పుడు నొప్పి కూడా దాదాపు తెలియదు.

ఎండోస్కోపీలో కొందరి అన్నవాహిక ఉంగరాలు పేర్చినట్లు కనిపిస్తుంది. కొందరిలో నాగలి సాళ్ల వంటి నిలువు గీతలు, తెల్లని పొక్కులు ఉంటాయి. మరికొందరిలో ఏ తేడా ఉండదు. ‘అంతా నార్మల్‌’ అన్న నివేదికతో ఇల్లు చేరినవారిలో ముక్క తీయని కారణంగా వ్యాధి తప్పించుకుపోయే అవకాశం ఉన్నది ఇక్కడే. ఇసినోఫిల్స్‌ పొరంతటా సమానంగా పరచుకోవు, మచ్చలు మచ్చలుగా ఉంటాయి. కాబట్టి కనీసం రెండు వేర్వేరు ఎత్తుల నుంచి ఆరు ముక్కలైనా తీయాలన్నది వైద్య మార్గదర్శకాల మాట. మింగడంలో ఇబ్బందితో వెళ్లిన రోగి ‘అన్నవాహిక నుంచి ముక్కలు తీశారా?’ అని అడగడం తప్పు కాదు, హక్కు.

మరో మెలిక గ్యాస్‌ మాత్రతోనే ఉంది. పాంటాప్రజోల్‌ వర్గపు మందులు ఆమ్లాన్ని తగ్గించడంతో ఆగవు. ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు సగం మందిలో ఇసినోఫిల్స్‌ను కూడా అణచివేస్తాయి. అందుకే వీటిని ఇప్పుడు చికిత్సలో భాగంగానే వాడుతున్నారు. కానీ పేరు తెలియకుండా అప్పుడొకటి, ఇప్పుడొకటిగా మింగి, ఆ మధ్యలో ఎండోస్కోపీ చేయించుకుంటే వ్యాధి జాడ కప్పుబడిపోవచ్చు. ఏ మాత్ర, ఎంతకాలంగా వేసుకుంటున్నదీ వైద్యుడికి ముందే చెప్పాలి.

హైదరాబాద్‌కు ఎండోస్కోపీ నిపుణుల కొరత లేదు. సోమాజిగూడలో ఏషియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్‌ డి.నాగేశ్వరరెడ్డికి 2025లో పద్మవిభూషణ్‌ ప్రకటించారు. ఎల్బీనగర్‌లో కామినేని వంటి పెద్ద ఆసుపత్రి ఉంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్‌ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో వచ్చాక అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి, పంజాగుట్టలోని నిమ్స్‌కు ఒకే మార్గంలో చేరుకోవచ్చు. కొరతల్లా ముద్ద ఆగడాన్ని జబ్బుగా గుర్తించే చూపుకే.

పెరుగు లేని భోజనం ఎలా?

చికిత్స మూడు దారుల్లో సాగుతుంది. ఆమ్లం తగ్గించే మందులు ఒకటి. రెండోది స్టెరాయిడ్‌. ఇంజెక్షన్‌ కాదు, కడుపు కోసం మింగే మాత్రా కాదు. ఆస్తమాకు వాడే బుడెసొనైడ్‌ ద్రవాన్నే తేనె వంటి చిక్కని పదార్థంలో కలిపి మింగిస్తారు. గొట్టం గోడకు అంటుకుని అది అక్కడే పనిచేస్తుంది. మింగాక అరగంట పాటు ఏమీ తినకూడదు, తాగకూడదు. కొందరిలో నోట్లో, అన్నవాహికలో బూజు తెగులు వచ్చే వీలుంది కాబట్టి వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి. వీటికి లొంగని వారికి డుపిలుమాబ్‌ అనే ఇంజెక్షన్‌ను 2022 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధికి ఆమోదించింది.

మూడోది ఆహారం. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీలు-గింజపప్పులు, చేపలు-రొయ్యలు అనే ఆరు వర్గాలను మానిపించి, ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, దోషి ఎవరో పట్టుకోవడం పాత పద్ధతి. తెలుగు వంటింటికి ఇది పెద్ద పరీక్షే. పాలు మానడమంటే ఇరానీ చాయ్‌ ఒక్కటి మానడం కాదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, మిఠాయి, బిస్కెట్‌ అన్నీ పోతాయి. పెరుగు లేనిదే భోజనం ముగియని ఇంట్లో ఇది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఊరటనిచ్చే విషయం ఒకటుంది. 129 మంది పెద్దలపై అమెరికాలో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు వారాల తరవాత ఆరు వర్గాలూ మానినవారిలో 40 శాతం మందికి, పాలు ఒక్కటే మానినవారిలో 34 శాతం మందికి వాపు అణగింది. తేడా స్వల్పమే. కాబట్టి ముందు పాలతోనే మొదలుపెట్టే వీలుంది. ఇడ్లీ, అన్నం, పప్పు, కూరలు, మాంసం యథాతథంగా తినవచ్చు. అయితే పరీక్ష చేయించకుండా ఎవరికి వారే ఆహారాలు మానేస్తూ పోతే ఒళ్లు తగ్గడమే తప్ప కారణం తేలదు. ఆహార అలర్జీకి చేసే చర్మపరీక్షలు కూడా ఈ వ్యాధిలో దోషి ఆహారాన్ని నమ్మకంగా చూపలేవు.

ఆలస్యమైతే గొట్టం ఇరుకు

ఏళ్ల తరబడి వాపు సాగితే గోడలో పీచు పేరుకుని గొట్టం ఇరుకవుతుంది. స్విట్జర్లాండ్‌లో 200 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని నిర్మొహమాటంగా చూపింది. లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు వ్యాధిని గుర్తించినవారిలో ఇరుకు ఏర్పడింది 17 శాతం మందిలోనే. ఇరవై ఏళ్లు దాటాక గుర్తించినవారిలో అది 71 శాతం. అలా ఇరుకైన గొట్టాన్ని బెలూనుతో వెడల్పు చేయాల్సి వస్తుంది.

మాంసం ముక్క అడ్డుపడి లాలాజలం కూడా మింగలేని స్థితి వస్తే అది అత్యవసరం. చేపముల్లు గుచ్చుకుంటే ఉత్త అన్నం ముద్దో, అరటిపండో మింగించే ఇంటి చిట్కా ఇక్కడ పనికిరాదు. అడ్డుపడిన దాని మీద మరొకటి చేర్చినట్లవుతుంది. వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు. 108కు ఫోన్‌ చేసి ఎండోస్కోపీ సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి. పూర్తిగా అడ్డుపడితే ఆరు గంటలలోపు తీసివేయాలి. ముక్క బయటికి వచ్చింది కదా అని అక్కడితో వదిలేయకుండా, అదే పూటగానీ తరవాతగానీ అన్నవాహిక నుంచి బయాప్సీ తీయించాలి. ముద్ద అడ్డుపడి ఆసుపత్రికి వచ్చే పెద్దల్లో ఈ వ్యాధి ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

చికిత్స మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ ఎండోస్కోపీ చేసి, ముక్కలు తీసి, ఇసినోఫిల్స్‌ తగ్గాయో లేదో చూస్తారు. తగ్గితే మందును ఆపరు, కొనసాగించే మోతాదును నిర్ణయిస్తారు. మందు ఆపితే ఎక్కువమందిలో వ్యాధి తిరగబెడుతుంది. ఆసుపత్రి మారేవారు పాత నివేదికతో పాటు బయాప్సీ స్లయిడ్లను, మైనపు దిమ్మెలను కూడా అడిగి తీసుకెళితే కొత్త వైద్యుడు పాత లెక్కతో పోల్చి చూడగలుగుతాడు.